గూడు దాటిన దేవుళ్లు

వేలం పుస్తకంలో శిల్పం ఫోటో ఉంటుంది, శతాబ్దం ఉంటుంది, ధర ఉంటుంది. ఊరి పేరు మాత్రం ఉండదు. మధ్యయుగాల గుడి రాళ్లు ఊరి పొలిమేర దాటి సంపన్నుల హాళ్లలోకి, మ్యూజియాల అద్దాల వెనక్కి ఎలా చేరాయి? వాటిలో కొన్ని ఎలా తిరిగొస్తున్నాయి?

సిడ్నీలోని న్యూసౌత్‌వేల్స్‌ ఆర్ట్‌ గ్యాలరీ 2004లో ఒక రాతి అర్ధనారీశ్వరుణ్ణి కొంది. చోళుల కాలం పని. ఒకే దేహంలో సగం శివుడు, సగం పార్వతి. ఖరీదు 3 లక్షల ఆస్ట్రేలియన్‌ డాలర్ల పైమాటే. అమ్మింది న్యూయార్క్‌లో పురావస్తువుల దుకాణం నడిపిన సుభాష్‌ కపూర్‌. శిల్పం వెంట పాత రసీదూ వచ్చింది. ఎప్పుడో 1970 ప్రాంతంలోనే ఢిల్లీలోని ఒక దుకాణం దీన్ని అమ్మేసిందని అందులో ఉంది. గ్యాలరీ నమ్మింది.

2013లో ఆ రసీదు పరువు పోయింది. ఎస్‌.విజయ్‌కుమార్‌ అనే ఆయన సింగపూర్‌లో షిప్పింగ్‌ కంపెనీ ఉద్యోగి, తీరిక దొరికితే గుడి శిల్పాల గురించి రాసుకునే మనిషి. సిడ్నీ బొమ్మను పుదుచ్చేరి ఫ్రెంచి పరిశోధన సంస్థ దగ్గరున్న పాత ఫోటోలతో పోల్చి చూశారు. అదే రాయి. తమిళనాడు వృద్ధాచలంలోని వృద్ధగిరీశ్వరుడి గుడి గోడలో, తన గూటిలో నిలబడి ఉన్నప్పుడు తీసిన ఫోటో అది. మరి ఇప్పుడు ఆ గూడు ఖాళీగా ఉందా అంటే, లేదు. కొత్తగా చెక్కిన మరో అర్ధనారీశ్వరుడు అక్కడ నిలబడి ఉన్నాడు. భక్తులు రోజూ ప్రదక్షిణ చేస్తూనే ఉన్నారు. అదే గుడికి చెందిన ప్రత్యంగిర విగ్రహం కూడా కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలింది.

2014 సెప్టెంబరులో అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని టోనీ అబ్బాట్‌ ఢిల్లీకి వచ్చి అర్ధనారీశ్వరుణ్ణి మన ప్రధానికి అప్పగించారు. కాన్‌బెర్రా గ్యాలరీ 50 లక్షల డాలర్లకు కొన్న కంచు నటరాజు కూడా ఆయనతో పాటే వచ్చాడు. కపూర్‌ 2011లో జర్మనీలో పట్టుబడి, 2012లో మన దేశానికి వచ్చాడు. 2022 నవంబరులో కుంభకోణం కోర్టు పదేళ్ల శిక్ష వేసింది. అతని ముఠా చేతుల మీదుగా నడిచి, అమెరికా అధికారులకు దొరికిన వస్తువులు 2,500 పైచిలుకు. వాటి విలువ 14 కోట్ల డాలర్లు దాటింది.

ఇంత కథలో నన్ను వదలనిది దొంగ తెలివి కాదు. గూటిలో మనిషి మారినా ఊరికి తెలియకపోవడం.

ఊడివచ్చే రాయి

గుడిలోని రాయంతా సంతకు పనికిరాదు. మహాబలిపురంలో కొండను తొలిచి చెక్కిన అర్జునుడి తపస్సును ఏ మొనగాడూ ఎత్తుకుపోలేడు. బేరానికి వచ్చేవి వేరుగా చెక్కి గుడికి అమర్చినవి. గోడగూటిలో నిలిపిన దేవకోష్ఠ విగ్రహం, ద్వారబంధం మీది పలక, చూరు కింద వాలుగా నిలిచే మదనిక, మంటపంలో నంది, ఊరి బయట వీరగల్లు, రావిచెట్టు మొదట్లో నాగశిల. నలుగురు మనుషులు, ఒక గునపం, ఒక రాత్రి చాలు.

మదనిక అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది పాలంపేట రామప్ప గుడి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించినట్టు శాసనం చెబుతుంది. 2021లో యునెస్కో జాబితాకెక్కింది. గోడలు ఎర్రటి ఇసుకరాయి. మదనికలు మాత్రం నల్లరాయి, చేయి వేస్తే జారిపోయేంత నునుపు. కింద స్తంభాన్నీ పైన చూరు రాతినీ కలుపుతూ, మొత్తం పన్నెండు మంది, ముందుకు వాలి నిలబడి ఉంటారు. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు. ఇంకొకామె ఒంటి మీద పాములు. కాస్త సేపు మెడ ఎత్తి చూస్తే శిల్పి లెక్క అర్థమవుతుంది. వాళ్లు తొంగి చూస్తున్నది మనల్నే. కిందినుంచి పైకి చూసే కంటికోసమే ఆ వాలు. పొద్దు తిరిగే కొద్దీ నల్లరాతి మీద వెలుగు జరుగుతూ ఉంటే నగల మీది గింజ గింజా విడివిడిగా కనిపిస్తుంది. అలాంటి బొమ్మను దించి, ఇనప స్టాండుకు బిగించి, సోఫా పక్కన కంటి ఎత్తున నిలబెడితే పనితనం మిగులుతుంది కానీ ఆ వాలుకు అర్థం ఉండదు. ఆమె ఎవర్నీ చూడదు.

రామప్పకు కాపలా ఉంది కాబట్టి వాళ్లు భద్రంగా ఉన్నారు. మధ్యప్రదేశ్‌లో 11వ శతాబ్దపు గుడిలో ఉన్న ఇసుకరాతి దేవనర్తకికి ఆ అదృష్టం లేకపోయింది. 1980ల్లో దొంగలు ఆమెను ఎత్తుకెళ్లారు. సరుకు దాటించడం తేలికవుతుందని రెండు ముక్కలు చేశారు. 1992 నాటికి ఆ రెండు ముక్కలూ లండన్‌ మీదుగా న్యూయార్క్‌ చేరాయి. అక్కడ నేర్పుగా అతికించారు. ఆ తర్వాత కపూర్‌ ఖాతాదారు ఒకరు ఆమెను మెట్రోపాలిటన్‌ మ్యూజియానికి విరాళంగా ఇచ్చారు. 2023లో అధికారులు స్వాధీనం చేసుకునేదాకా ఆమె జనం ముందే ఉంది. 2024 నవంబరులో న్యూయార్క్‌ అధికారులు మన దేశానికి అప్పగించిన 1,440 వస్తువుల్లో ఆమె ఒకరు. అతుకు అంత బాగా కుదిరిందంటే అతికించిన చేతికి విద్య ఉందన్నమాటే. ఆ విద్య ఉన్న మనిషికి ఇంత శుభ్రంగా రెండైన రాయి ఎక్కణ్ణుంచి వచ్చిందన్న అనుమానం రాలేదంటే నమ్మడం కష్టం.

భిన్నమైతే బయటికి

దొంగల్ని తిట్టుకునే ముందు మన అలవాటు ఒకటి చెప్పుకోవాలి. ముక్కు విరిగినా వేలు పోయినా విగ్రహం భిన్నమైందంటాం. పూజకు పనికిరాదు. ఇంట్లో పటం పగిలితేనే కాలువలో కలిపివచ్చే వాళ్లం, గుడిలో మూలవిరాట్టు భిన్నమైతే ఆగమం ప్రకారం కళను కొత్త విగ్రహంలోకి మార్చి, పాతదాన్ని నీళ్లలో నిమజ్జనం చేస్తారు. అందుకే చెరువు పూడిక తీసినప్పుడల్లా ఎక్కడో ఒకచోట విగ్రహాలు బయటపడుతుంటాయి. నీళ్లదాకా మోయలేనివి గుడి వెనక వేపచెట్టు కిందికి చేరతాయి. అక్కడ వాటి మీద పసుపు పడితే పడుతుంది, లేకపోతే బట్టలు ఆరతాయి.

మనం చెట్టు కిందికి జరిపిన ఆ రాయే పాశ్చాత్య సేకర్తకు కావలసిన సరుకు. చేతులూ తలా లేని గ్రీకు పాలరాతి మొండేలను చూసి మురిసిపోవడం అలవాటైన కళ్లవి. మన యక్షిణి మొండెం కూడా వాళ్లకు అలాగే కనిపించింది. విరగడం వల్ల విలువ తగ్గకపోగా అదొక అందమైంది. అందుకు తగ్గట్టు ఇక్కడ బాగున్న విగ్రహాల తలలు కూడా విరిగాయి. నిలువెత్తు విగ్రహం కంటే తల మోయడం సులువు కదా. ఒక మ్యూజియంలో తల, ఇంకెక్కడో మొండెం, ఊళ్లో పీఠం మీద పాదాలు. ఇలాంటివి ఎన్నో.

ధర సంగతి అడుగుతారు కాబట్టి ఒక్క లెక్క. 2017 మార్చిలో న్యూయార్క్‌ క్రిస్టీస్‌ వేలంలో 12వ శతాబ్దపు పాలరాజుల కాలం నాటి నల్లరాతి లోకనాథుడు దాదాపు 2 కోట్ల 46 లక్షల డాలర్లు పలికాడు. అది బౌద్ధ విగ్రహం. కానీ ఆ కాలపు రాతి శిల్పానికి పై ధర ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పడానికి చాలు.

రాజులు మోసుకెళ్లినవి

విగ్రహాలు ఊళ్లు దాటడం దొరల కాలంలో మొదలైంది కాదు. 11వ శతాబ్దంలో చోళ రాజాధిరాజు చాళుక్యుల కల్యాణిని తగలబెట్టి, అక్కడి నల్లరాతి ద్వారపాలకుణ్ణి తమిళ దేశానికి తెచ్చుకున్నాడు. ఇప్పుడది తంజావూరు ఆర్ట్‌ గ్యాలరీలో ఉంది. దాని పీఠం మీద శాసనం ఉంది. కల్యాణపురాన్ని కాల్చి తెచ్చిన ద్వారపాలకుడని అందులో స్పష్టంగా రాయించారు.

మన దగ్గరి ముచ్చట ఇంకొకటి. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల చేతిలోంచి ఉదయగిరి దుర్గం గెలుచుకున్నాడు. నేటి నెల్లూరు జిల్లా ఉదయగిరి. ఆ కోటలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి, ఆయన కోసమే పెద్ద గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేశాడు. ఉదయగిరి నుంచి తెచ్చినట్టు శాసనం వేయించాడు. హంపి కృష్ణ దేవాలయానికి వెళ్తే గర్భగుడి ఖాళీ. ఆ బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాడు. ఉదయగిరి, హంపి, చెన్నై. మూడు మజిలీల్లో ఎక్కడా ఆయన పుట్టిన ఊరు మరుగున పడలేదు.

దీన్ని మెచ్చుకోమనడం లేదు. కల్యాణి కాలిపోయింది, అది యుద్ధమే. అయితే తేడా ఒకటుంది. దోచుకున్న రాజుకు ఊరి పేరే గొప్ప. ఆ పేరు చెరిగిపోతే ఆ విగ్రహం తెచ్చుకున్నందుకు ఫలితమే లేదు. వ్యాపారికి అదే పేరు గండం. దాన్ని చెరిపేస్తే తప్ప సరుకు కదలదు. కాబట్టి 'దక్షిణ భారతం, 12వ శతాబ్దం' అని రాస్తాడు. విశాఖ నుంచి కన్యాకుమారి దాకా ఏ ఊరైనా కావచ్చు.

మదురై రాళ్లు, కంచి యోగినులు

1912లో ఆడెలిన్‌ పెప్పర్‌ గిబ్సన్‌ అనే అమెరికన్‌ యువతి మదురై వచ్చింది. మదనగోపాలస్వామి గుడి ఆవరణలో చెక్కిన రాళ్లు గుట్టగా పడి ఉన్నాయి. 16వ శతాబ్దపు మంటపం తాలూకు స్తంభాలు, దూలాలు. మదురైని తెలుగు నాయకులు ఏలడం మొదలైన రోజుల నాటి పని. అరవైకి పైగా రాళ్లను ఆమె కొనేసింది. ఓడలో ఫిలడెల్ఫియా చేర్చింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో సేవకు ఫ్రాన్స్‌ వెళ్లి అక్కడే చనిపోయింది. కుటుంబం 1919లో ఆ రాళ్లను నగర మ్యూజియానికి ఇచ్చింది. ఇప్పుడు ఫిలడెల్ఫియా మ్యూజియంలో అదొక నిలువెత్తు గుడి మంటపం. తానా సభలకో పిల్లల చదువులకో ఆ ఊరు వెళ్లిన మనవాళ్లు దాని ముందు నిలబడి చెప్పులు విప్పాలా వద్దా అని తటపటాయించడం సహజం. నేనైతే ఈ సంగతిని దొంగతనాల పద్దులో వేయలేను. చట్టం అప్పటికి అడ్డు చెప్పలేదు, ఏ ఊరి మంటపమో దాచలేదు. విదేశాల్లో ఇంత నిజాయితీగా ఊరి పేరు చెప్పుకునే శిల్పాలు తక్కువ.

కంచి యోగినుల సంగతి వేరు. 10వ శతాబ్దపు పెద్ద రాతి విగ్రహాలు. కూర్చున్న దేవతలు, నిండైన ఒళ్లు, కొందరి ముఖంలో చిరునవ్వు, కొందరికి కోరలు. కాంచీపురం చుట్టుపక్కల పొలాల్లో, చెట్ల కింద చెల్లాచెదురుగా ఉండేవి. పుదుచ్చేరిలో ఉన్న ఫ్రెంచి పండితుడు జువో దుబ్రెయిల్‌ 1920ల్లో వాటిని గుర్తించి సేకరించాడు. పారిస్‌లోని చైనా వ్యాపారి సి.టి.లూకు చేర్చాడు. ఆ రోజుల్లోనే లూ పారిస్‌ నడిబొడ్డున ఎర్రటి పగోడా ఆకారంలో దుకాణం కట్టుకున్నాడు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. అక్కడి నుంచి యోగినులు తలో దిక్కుకు పోయారు. ఒకరు లండన్‌ బ్రిటిష్‌ మ్యూజియంలో, ఇంకొకరు పారిస్‌ గీమే మ్యూజియంలో, మిగతావాళ్లు టొరంటో, డెట్రాయిట్‌, మినియాపోలిస్‌, వాషింగ్టన్‌ వగైరా నగరాల్లో. ఒకామె మద్రాసు మ్యూజియంలోనే ఉండిపోయింది. యోగినుల గుడి అంటే గుండ్రటి ప్రాకారం, లోపల వలయంగా దేవతలు. ఒకరి పక్కన ఒకరుంటేనే ఆ పూజ. విడదీశాక ప్రతి మ్యూజియానికీ ఒక్కో కళాఖండం దక్కింది, గుడి మాత్రం ఎవరికీ దక్కలేదు. ఆ గుడి కచ్చితంగా ఎక్కడ ఉండేదో పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

కొనొచ్చా?

'మా తాతల నాటి రాతి వినాయకుడు పెరట్లో ఉన్నాడు, నేరమా?' కాదు. పురావస్తువుల, కళాసంపద చట్టం 1972లో వచ్చింది. 1976 ఏప్రిల్‌ నుంచి అమల్లో ఉంది. నూరేళ్లు దాటిన శిల్పమంతా పురావస్తువే. ఇంట్లో ఉంచుకోవచ్చు, కానీ రిజిస్టరు చేయించాలి. దేశంలో వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. దేశం దాటించే హక్కు మాత్రం ఏ ప్రైవేటు వ్యక్తికీ లేదు. దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు. కపూర్‌ లాంటివాళ్ల వ్యాపారం విలువ పక్కన ఈ మూడేళ్లు పెట్టి చూస్తే చట్టం పాతబడిందని వేరే చెప్పనక్కర్లేదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లలో నాలుగు డబ్బులు చేరాక ఇంట్లో ఒక పాత విగ్రహం ఉంటే బాగుండనిపించడం తప్పేం కాదు. అలాంటివాళ్లు వేలంలో చేయి ఎత్తేముందు కింది వరుస చదవాలి. ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చిందన్న యజమానుల చరిత్ర అక్కడ ఉంటుంది. 'స్విట్జర్లాండ్‌లో ఒక ప్రైవేటు సేకరణ' అని మాత్రమే ఉంటే అది చరిత్ర కాదు. 1972కు ముందే దేశం దాటిందనడానికి ఫోటో, ప్రదర్శన పుస్తకం, కస్టమ్స్‌ కాగితం లాంటి బయటి సాక్ష్యం ఏదో ఒకటి ఉండాలి. పెద్ద పేరున్న వేలం సంస్థ అన్న ధైర్యమూ పనికిరాదు. 2016 మార్చిలో న్యూయార్క్‌ క్రిస్టీస్‌ వేలానికి సిద్ధమైన రెండు భారతీయ రాతి శిల్పాలను అమెరికా అధికారులు అమ్మకానికి ముందే పట్టుకుపోయారు.

ఇక నకిలీలు. రాయి ఎప్పటిదో శాస్త్రం చెప్పగలదు, ఉలి ఎప్పుడు పడిందో చెప్పడం మహా కష్టం. యాసిడ్‌ పోసి, కొన్నాళ్లు మట్టిలో పూడ్చి తీస్తే నిన్నటి విగ్రహానికి కూడా వందల ఏళ్లు వచ్చేస్తాయి.

మన ఊళ్ల సంగతి

తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో శిల్పాలకు పెద్ద శత్రువు విదేశీ సేకర్త కాడు. గుప్తనిధుల ముఠా. లింగం కింద బంగారం ఉందని, నంది కడుపులో వజ్రాలున్నాయని ఎవరో చెబుతారు. అమావాస్య చూసుకుని, నిమ్మకాయలు కోసి, కంప్రెసరుతో తొలిచేస్తారు. ఏమీ దొరకదు. ఎనిమిది వందల ఏళ్ల నంది రెండు చెక్కలై పడి ఉంటుంది. అది ఏ మ్యూజియానికీ చేరదు, ఏ దేశమూ తిరిగి ఇవ్వదు. రెండో శత్రువు జీర్ణోద్ధరణ పేరుతో వచ్చే ఎనామిల్‌ పెయింటు, టైల్సు. ఇది భక్తితో చేసే పని కాబట్టి అడ్డు చెప్పడం ఇంకా కష్టం.

ఎగుమతి దెబ్బ మనకు తగల్లేదని కాదు. ప్రకాశం జిల్లా చందవరం స్తూపం దగ్గరి సున్నపురాతి పలకను కాన్‌బెర్రా గ్యాలరీ 2005లో కపూర్‌ దగ్గర 5 లక్షల 95 వేల డాలర్లకు కొంది. బుద్ధుణ్ణి కొలిచే భక్తుల బొమ్మలున్న పలక. 2016లో తిరిగిచ్చింది.

పోయింది మనదేనని రుజువు చేయడానికి పనికొచ్చేది ఒక్కటే, పోకముందు తీసిన ఫోటో. ఉత్తరప్రదేశ్‌లోని లోఖరి గ్రామం నుంచి 1980ల మొదట్లో మాయమైన మేకతల యోగిని ఇంగ్లండులో ఒక ఇంటి తోటలో బయటపడింది. లోఖరి విగ్రహాలను విద్యా దహేజియా లాంటి పండితులు అప్పటికే పుస్తకాలకెక్కించి ఉండటం వల్ల ఆమె ఎవరో తేల్చడం సాధ్యమైంది. 2022 సంక్రాంతి నాడు లండన్‌లోని మన హైకమిషన్‌ ఆమెను అందుకుంది. అలాంటి నమోదు మనకెంత ఉంది? పార్లమెంటు సంఘం 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో 58 లక్షల పురావస్తువులు ఉంటాయని అంచనా. నమోదైనవి 16.8 లక్షలు. పదింట ఏడొంతుల దాకా కాగితం మీదే లేవు. మన పల్లెల్లో సెల్‌ఫోన్‌ లేని ఇల్లు లేదు. జాతరలో దేవుడితో సెల్ఫీలు వేలల్లో దిగుతాం. గుడి వెనక చెట్టు కింద ఉన్న వీరగల్లుకు ముందు నుంచొకటి, పక్క నుంచొకటి, పీఠం మీద అక్షరాలుంటే అక్కడొకటి తీసి, ఊరి పేరూ తేదీ రాసి పెట్టుకోవడానికి ఏ శాఖ అనుమతీ అక్కర్లేదు.

రాతి విగ్రహం కావాలన్న కోరిక తీరడానికి వేరే దారీ ఉంది. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డలో, పల్నాడు దుర్గిలో ఉలి చప్పుడు ఇంకా ఆగలేదు. రెండు ఊళ్ల శిల్పాలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. తిరుపతిలో దేవస్థానం వారి శిల్ప కళాశాలలో పిల్లలు తాళమానం లెక్కలు నేర్చుకుంటున్నారు. కాకతీయ మదనికను నమూనాగా ఇస్తే మన శిల్పులు చెక్కగలరు. విదేశానికి తీసుకెళ్లాలంటే 'ఇది పురావస్తువు కాదు' అన్న ధ్రువపత్రం భారత పురావస్తు శాఖ దగ్గర తీసుకోవాలి. పాతది కొని దొంగ రసీదు పుట్టించడం కంటే కొత్తది కొని ఈ కాగితం తీసుకోవడం చవక. కాకపోతే పాతదాన్ని కొనేవాడు అసలు కొనేది కాలాన్ని. దానికి ఆళ్లగడ్డలో మందు లేదు.

తిరిగొచ్చినవన్నీ ఇంటికి చేరాయనుకుంటే పొరపాటే. ఢిల్లీ పురానా ఖిలాలో పురావస్తు శాఖ 2019లో ఒక గ్యాలరీ తెరిచింది. స్వాధీనం చేసుకున్నవి, విదేశాల నుంచి వెనక్కి వచ్చినవి అక్కడ పెడతారు. ఏ గుడిదో రుజువైన విగ్రహాన్ని ఆ రాష్ట్రం అడగవచ్చు, ఊరు అడగవచ్చు. రుజువు లేని దానికి అడిగే నాథుడు లేడు. పలక మీద రాష్ట్రం పేరు, కాలం, రాయి రకం రాసి ఉంటాయి. ఊరి పేరు రాసే చోట రాయడానికి ఏమీ ఉండదు. వేలం పుస్తకంలోనూ అంతే కదా రాశారు.